బ్యాటరీ కొత్తది, సెల్ఫ్ మోటారు మంచిది, అయినా ఇంజను తిరగదు: ఒక పాత అవుట్‌బోర్డ్ కేసు

నేపథ్యం

పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్లు బాగుచేయడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ వేట పడవల మోటార్లే. వాటికి తాడు లాగడమే తప్ప సెల్ఫ్ (బ్యాటరీతో ఇంజనును తిప్పే స్టార్టరు) ఉండదు. సెల్ఫ్ ఉన్న పెద్ద మోటార్లు పర్యాటక పడవల నుంచి, రెస్క్యూ పడవల నుంచి వస్తుంటాయి. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక పర్యాటక పడవ సంగతి. యజమాని ఎవరో, రేవు ఏదో పోల్చుకునే వివరాలు తీసేశాను. కోనసీమలో, గోదావరి పాయ మీద, సముద్రానికి దగ్గరలో తిరిగే పడవ అంటే చాలు. వరదలు తగ్గాక పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు అక్కడి దాకా ఎక్కుతుంది. రేవులో కట్టేసి ఉన్నా పడవకు ఉప్పుగాలి తప్పదు.

మోటారు 40 హార్స్‌పవర్, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, కార్బురేటర్ రకం. ఇరవై ఏళ్ళు దాటింది. స్టీరింగు, గేరు లివరు, తాళం అన్నీ ముందు, పడవ నడిపే సరంగు సీటు దగ్గర ఉంటాయి. అక్కడి కంట్రోల్ బాక్సు నుంచి వెనక మోటారు దాకా ఒక వైరింగు కట్ట వెళ్ళి, 10 పిన్నుల కనెక్టరుతో మోటారుకు కలుస్తుంది. బ్యాటరీ మొదట్లో మోటారు పక్కనే ఉండేదట. వెనక బరువెక్కువై అలలకు నీళ్ళు లోపలికి వస్తున్నాయని కొన్నేళ్ళ కిందట దాన్ని ముందు సీటు కిందికి మార్చారు. అలా మార్చినప్పుడు కేబుళ్ళు పొడవు చాలక వెల్డింగ్ కేబుల్ వేశారు. ఈ చరిత్ర ఎవరూ తమంతట తాము చెప్పలేదు. అడిగిన కొద్దీ ఒక్కొక్కటే బయటికొచ్చింది.

వచ్చిన ఫిర్యాదు

సంక్రాంతి దగ్గర పడుతుండగా ఫోను వచ్చింది. పండగ రోజుల్లో పడవ రేవులో ఊరికే ఉంటే ఆ నష్టం మళ్ళీ పూడేది కాదు, అందుకే యజమాని గొంతులో తొందర తెలుస్తూనే ఉంది.

"మోటారు స్టార్ట్ అవ్వట్లేదండీ."

ఈ మాట వింటే నేను ముందు అడిగేది ఒక్కటే: తాళం తిప్పినప్పుడు ఇంజను తిరుగుతోందా, అసలు తిరగనే తిరగట్లేదా? తిరుగుతూ అందుకోకపోతే పెట్రోలు, ప్లగ్గులు, ఇగ్నిషన్ వైపు చూడాలి. తిరగనే తిరగకపోతే వాటి జోలికి పోనక్కర్లేదు. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారు దాకా ఉన్న దారిలో ఏదో తెగి ఉండాలి, లేదా ఇంజనే బిగుసుకుపోయి ఉండాలి.

"సెల్ఫ్ పడట్లేదండీ. తాళం తిప్పితే టిక్కుమంటది, అంతే. ఒక్కోసారి టకటకా కొట్టుకుంటది."

"తాడు చుట్టి లాగితే?"

"ఆయ్, రెండో లాగుడికే అందుకుంటదండీ. మొన్నటిదాకా అలాగే నడిపాం."

ఆ ఒక్క జవాబుతో సగం అనుమానాలు తీరిపోయాయి. ఈ రకం మోటార్లలో ఇగ్నిషన్‌కు బ్యాటరీ అక్కర్లేదు. ఫ్లైవీలు కింది కాయిళ్ళే స్పార్కుకు కావలసిన కరెంటు పుట్టిస్తాయి. కాబట్టి తాడుతో రెండో లాగుడికే అందుకుందంటే పెట్రోలు బాగుంది, స్పార్కు బాగుంది, పిస్టన్లు స్వేచ్ఛగా ఆడుతున్నాయి. మిగిలింది సెల్ఫ్ దారి ఒక్కటే.

అయితే ఫోనులోనే ఇంకో మాట గట్టిగా చెప్పాను: నేను వచ్చేదాకా తాడుతో స్టార్ట్ చేసి మనుషుల్ని ఎక్కించవద్దు అని. తాడు చుట్టాలంటే పైమూత తీసి, ఫ్లైవీలు బయటపెట్టాలి. ఇంజను అందుకున్నాక అది నిమిషానికి వందల చుట్లు తిరుగుతూ చేతికి అడుగు దూరంలో ఉంటుంది. పైగా గేరులో ఉంటే సెల్ఫ్ పడకుండా ఆపే స్విచ్చు అత్యవసరపు తాడుకు వర్తించదు. గేరు పడి ఉండగా తాడు లాగితే పడవ ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. రేవు మెట్టు మీద ఒక కాలు, పడవలో ఒక కాలు పెట్టి ఉన్న పిల్లలుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అప్పటికే చేసినవి

నాకంటే ముందు వేరే మెకానిక్కు చూశాడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆయన చేసిన ప్రతి పనికీ ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలుస్తుందనే వరసగా రాస్తున్నాను.

మొదట బ్యాటరీ మార్చాడు. టిక్కుమని ఆగిపోతే ఎవరికైనా ముందు బ్యాటరీయే గుర్తొస్తుంది. పాత బ్యాటరీ ఎక్స్ఛేంజిలో పోయింది, కాబట్టి అది నిజంగా పాడైందో లేదో ఇక తేలదు. కొత్తది పెట్టినా అదే టిక్కు.

తర్వాత రిలే మార్చాడు. తాళం తిప్పితే బ్యాటరీ కరెంటును సెల్ఫ్ మోటారుకు కలిపే స్విచ్చు అది. టకటకలాడేది రిలేయే కదా, దాని పాయింట్లు అరిగి ఉంటాయనుకున్నాడు. కొత్త రిలే కూడా టకటకలాడింది.

ఆ తర్వాత సెల్ఫ్ మోటారు విప్పి బల్ల మీద పెట్టి, జంపర్ కేబుళ్ళతో బ్యాటరీకి కలిపితే గిర్రున తిరిగింది. అయినా పాతదే కదా అని కార్బన్ బ్రష్షులు మార్చి, కమ్యుటేటరు శుభ్రం చేసి బిగించాడు. పడవ మీద మళ్ళీ అదే టిక్కు. చివరికి గేరులో ఉంటే సెల్ఫ్ పడకుండా ఆపే ఆ న్యూట్రల్ స్విచ్చు మీద అనుమానపడి కంట్రోల్ బాక్సులో ఏదో చేశాడని యజమాని అన్నాడు. ఏం చేశాడో ఆయనకు తెలియదు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

బల్ల మీద గిర్రున తిరిగిన మోటారు పడవ మీద తిరగలేదు. బల్ల మీదున్న బ్యాటరీ మంచిదే, సెల్ఫ్ మోటారు మంచిదే. మరి పడవ మీద ఉండి, బల్ల మీద లేనిదేమిటి? ఆ రెంటి మధ్య ఉన్న కేబుళ్ళు. ఈ ప్రశ్న అప్పుడే వేసుకుని ఉంటే పని అక్కడే తేలిపోయేది. మల్టీమీటరు పెడితే రెండు కొసలకూ 12.6 వోల్టులు చూపించింది, అందుకని కేబుళ్ళ మీద ఎవరికీ అనుమానం రాలేదు.

నేను మొదట చూసినవి

తాడుతో స్టార్ట్ అయిన ఇంజనే అయినా, ముందు ప్లగ్గులు తీసి ఫ్లైవీలును చేత్తో తిప్పి చూశాను. సెల్ఫ్‌కు పెద్ద కరెంటు పంపే ముందు ఈ పరీక్ష మానకూడదు. బిగుసుకున్న ఇంజను మీద సెల్ఫ్ పదే పదే కొడితే కాలిపోయేది మంచి సెల్ఫ్ మోటారే. సిలిండరులోకి నీళ్ళు చేరి ఉన్నా ఇంజను టిక్కుమనే ఆగుతుంది, ప్లగ్గు తీస్తే ఆ నీళ్ళు బయటికొస్తాయి. తిప్పేటప్పుడు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పాలి. వెనక్కి తిప్పితే నీళ్ళ పంపులోని రబ్బరు ఇంపెల్లరు రెక్కలు మడతపడతాయి. ఇక్కడ ఫ్లైవీలు ఎక్కడా పట్టకుండా తిరిగింది. సిలిండర్లలో నీళ్ళు లేవు.

తర్వాత టిక్కు సంగతి ఆలోచించాను. సెల్ఫ్‌కు రెండు దారులుంటాయి. తాళం నుంచి న్యూట్రల్ స్విచ్చు మీదుగా రిలే కాయిలు దాకా వెళ్ళేది సన్న వైరు దారి, అందులో పారేది కొద్దిపాటి కరెంటు. బ్యాటరీ నుంచి రిలే మీదుగా సెల్ఫ్ మోటారుకు, అక్కడి నుంచి ఇంజను బాడీ మీదుగా తిరిగి బ్యాటరీకి వచ్చేది లావు కేబుల్ దారి. 40 హార్స్‌పవర్ ఇంజను తిప్పాలంటే అందులో వంద ఆంపియర్ల ప్రాంతంలో కరెంటు పారాలి. టిక్కుమన్నదంటే సన్న దారి ఆ క్షణానికి పనిచేసినట్టే. కాబట్టి ముందు లావు దారిని పట్టాలి.

కరెంటు పారుతున్నప్పుడు కొలవడం

ఏమీ నడవనప్పుడు చూస్తే బ్యాటరీ దగ్గర 12.6, మోటారు వైపు, రిలేకు వచ్చే బ్యాటరీ కేబుల్ కొస దగ్గర కూడా 12.6. ఈ రెండో అంకెను నమ్మకూడదు. మల్టీమీటరు తీసుకునే కరెంటు దాదాపు శూన్యం. కేబుల్‌లో వంద పోగులుండి ఒక్క పోగు మాత్రమే మిగిలినా మీటరుకు 12.6 అందుతుంది. టెస్ట్ లాంపు కూడా చక్కగా వెలుగుతుంది. వంద ఆంపియర్లు అడిగినప్పుడే ఆ ఒక్క పోగు చేతులెత్తేస్తుంది.

మీటరును ఓములలో పెట్టి కేబుల్ కొలిస్తే పోదా అని చాలామంది అడుగుతారు. పోదు. 0.06 ఓముల అడ్డు ఉంటే చాలు, 100 ఆంపియర్లకు 6 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. మామూలు మీటరుకు దాని రెండు ముల్లులూ ఒకదానికొకటి తాకిస్తేనే 0.2, 0.3 ఓములు చూపిస్తుంది. ఆ మీటరుతో 0.06 పట్టుకోవడం కుదరదు. అందుకే వోల్టుల్లోనే కొలవాలి, అదీ తాళం తిప్పి పట్టుకుని ఉండగా కొలవాలి.

ప్లగ్గులు తీసి, ప్లగ్గు వైర్లను ఎర్త్‌కు, అంటే ఇంజను బాడీకి తగిలించి, తాళం తిప్పమని సరంగుకు చెప్పాను. ఒక్కోసారి రెండు క్షణాలకు మించి పట్టుకోవద్దన్నాను. రిలే టకటకలాడకుండా నిలబడినప్పుడు వచ్చిన అంకెలు ఇవి. బ్యాటరీ రెండు పోస్టుల మధ్య 11.8. బ్యాటరీ పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు దాకా 0.9. సెల్ఫ్ మోటారు బోల్టు నుంచి దాని బాడీకి 4.4. సెల్ఫ్ మోటారు బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్ పోస్టు దాకా 6.5.

0.9, 4.4, 6.5 కూడితే 11.8. బ్యాటరీ ఇచ్చిందంతా లెక్కకు వచ్చింది కాబట్టి ఈ కొలతల్ని నమ్మవచ్చు. చచ్చిన బ్యాటరీ అయితే సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోయేది, ఇది 11.8 దగ్గర నిలబడింది. సెల్ఫ్ మోటారుకు అందింది 4.4 మాత్రమే, దానితో అది ఇంజనును కదిలించలేదు. బ్యాటరీ ఇచ్చినదాంట్లో సగానికి పైగా ఎర్త్ వైపే, అంటే ఇంజను బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారిలోనే పోయింది. ఎర్త్ వైపు 0.2, 0.3 కన్నా ఎక్కువ పోకూడదు.

రిలే టకటకకూ జవాబు ఇక్కడే ఉంది. రిలే కాయిలుకు ఎర్త్ అందేది ఇంజను బాడీ నుంచే. సెల్ఫ్‌లో కరెంటు మొదలవగానే ఇంజను బాడీ 6.5 వోల్టుల పైకి లేస్తోంది, కాయిలుకు మిగిలేది చాలక రిలే వదిలేస్తోంది. వదిలేయగానే కరెంటు ఆగి, బాడీ మళ్ళీ సున్నాకు దిగి, రిలే మళ్ళీ పట్టుకుంటోంది. పాపం, ఏ తప్పూ లేని రిలేని మార్చారు.

ఎర్త్ కేబుల్

6.5 వోల్టులు ఎర్త్ దారిలో ఎక్కడ పోతున్నాయో తేల్చాలి. అందరూ చేసేది కొసలు శుభ్రం చేయడం. నేనూ అదే ముందు చేశాను, ఎందుకంటే దానికి ఖర్చు లేదు, ఎలాగూ చేయాల్సిన పనే. బ్యాటరీ పోస్టులు, క్లాంపులు, ఇంజను బాడీ మీది బోల్టు, దాని కింది రంగు, అన్నీ ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది బిగించాను. 6.5 కాస్తా 5.9 అయింది. అంటే కొసల్లో ఉన్న దోషం కొద్దిగానే, అసలు దోషం కేబుల్ పొట్టలో ఉంది. ఇక్కడ తొందరపడి, తగ్గింది కదా అని ఇంకోసారి రుద్దుతూ కూర్చోకూడదు.

రుజువుకు ఒక్క పని చాలు. లావు జంపర్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ నెగటివ్ పోస్టు నుంచి నేరుగా ఇంజను బాడీకి పట్టించాను. తాళం తిప్పగానే ఇంజను గిర్రున తిరిగింది. సరంగు తాళం వదలడం కూడా మరిచిపోయాడు. మీటరు లేని పడవవాళ్ళకు కూడా నేను ఈ పరీక్షే చెబుతాను. జంపర్ ఎర్త్‌కు పెడితే తిరిగిందా, ఎర్త్ కేబుల్ పోయింది. బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ బోల్టుకు పెడితే తిరిగిందా, పాజిటివ్ కేబులో రిలేయో పోయింది. కాకపోతే ఈ రెండోదానికి తాళంతో పనిలేదు, తాకించగానే ఇంజను తిరుగుతుంది. గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో, దగ్గర పెట్రోలు ఆవిరి ఉందో లేదో చూసుకునే తాకించాలి. నిప్పురవ్వలు తప్పవు.

పాత ఎర్త్ కేబుల్ పొడవునా తడుముకుంటూ వస్తే సీటు దాటాక ఒకచోట చేతికి వెచ్చగా తగిలింది. అక్కడ కోశాను. పైన రబ్బరు కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది. లోపల రాగి లేదు, నల్లటి పొడి ఉంది. మధ్యలో కొన్ని పోగులు పచ్చటి చిలుముతో మిగిలాయి, వేలితో నులిపితే రాలిపోయాయి. వెల్డింగ్ కేబుల్ మెత్తగా వంగుతుంది, చవకగా దొరుకుతుంది, అందుకే పడవల్లో దాన్ని తెగ వాడతారు. కానీ దాని సన్న పోగులకు తగరం పూత ఉండదు. కేబుల్ కొసకు బిగించే లగ్గు దగ్గర పోగులు తెరిచి ఉంటే దీపపు ఒత్తి నూనె పీల్చినట్టు ఆ పోగులు ఉప్పునీటిని అడుగుల దూరం లోపలికి లాగేస్తాయి. ఈ కేబుల్ లగ్గు సుత్తితో కొట్టి బిగించింది, పైన ఇన్సులేషన్ టేపు మాత్రమే చుట్టారు.

ఎర్త్ ఒక్కటే మారిస్తే సరిపోదా అన్నాడు యజమాని. ఆరోజుకు సరిపోతుంది. కానీ పాజిటివ్ కేబుల్ కూడా అదే కట్టలోది, అదే రోజు వేసింది, అదే ఉప్పులో ఉంది. అది కూడా కొసల దగ్గర నల్లబారడం మొదలైంది. రెండూ మార్చాలన్నాను.

ఎంత లావు వేయాలి అన్నదానికి లెక్క వేసి చూపించాను. బ్యాటరీ ముందుంది కాబట్టి పోను 4 మీటర్లు, రాను 4 మీటర్లు. పాతది 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్. రాగి అయితే మీటరుకు దాదాపు 1.1 మిల్లీ ఓములు, అంటే కొత్తదైనా సరే 8 మీటర్లకు 100 ఆంపియర్ల దగ్గర 0.9 వోల్టు పోతుంది. 35 చదరపు మిల్లీమీటర్లు వేస్తే అది 0.4 అవుతుంది. బ్యాటరీని మళ్ళీ మోటారు దగ్గరికి తెస్తే సన్న కేబుల్‌తోనే సరిపోతుంది, కానీ అప్పుడు వెనక నీళ్ళెక్కే పాత బాధ తిరిగొస్తుంది. మనుషులెక్కే పడవలో బరువు కుదిరిన చోటు నుంచి కదపడం నాకిష్టం లేదు. బ్యాటరీ అక్కడే ఉంచి, తగరం పూత ఉన్న 35 మెరైన్ కేబుల్ తెప్పించాం. లగ్గులు హైడ్రాలిక్ క్రింపింగ్ టూలుతో ఒత్తి, పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించాను.

ఇంజను తిరిగాక అడగాల్సిన ప్రశ్న

కొత్త కేబుళ్ళతో కొలిస్తే తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 11.2, సెల్ఫ్ మోటారుకు 10.6, పాజిటివ్ వైపు 0.4, ఎర్త్ వైపు 0.2. ఇంజను చక్కగా అందుకుంది. యజమాని డబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

నాకు మాత్రం ఒక సంగతి కుదరలేదు. పాత ఎర్త్ కేబుల్‌లో మిగిలిన ఆ నాలుగు పోగులు వంద ఆంపియర్లు మోయలేవు. మోసి ఉంటే కేబుల్ వెచ్చబడటంతో ఆగేది కాదు, అక్కడే తెగి ఊడిపోయేది. పాజిటివ్ వైపు పోయిన 0.9 వోల్టును బట్టి చూస్తే కరెంటు మాత్రం బాగానే పారింది. మరి ఇన్నాళ్ళూ అది ఏ దారిన బ్యాటరీకి తిరిగి వెళ్ళింది?

కంట్రోల్ బాక్సు వైపు చూస్తే జవాబు దొరికింది. సెర్చ్ లైటు, నీళ్ళు తోడే పంపు తర్వాత బిగించినవి. వాటి నెగటివ్ వైరు బ్యాటరీకి వెళ్తోంది. అదే వైరును ఎవరో కంట్రోల్ బాక్సులోని నల్ల వైరుకు కూడా కలిపారు. ఆ నల్ల వైరు వైరింగు కట్టలోంచి, 10 పిన్నుల కనెక్టరు మీదుగా ఇంజను బాడీకి వెళ్తుంది. లావు కేబుల్ చచ్చిపోయాక సెల్ఫ్ కరెంటులో ఎక్కువ భాగం ఈ సన్న నల్ల వైరులోంచే బ్యాటరీకి చేరింది. తాళానికి పాజిటివ్ తెచ్చే ఎర్ర వైరుకు 20 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. నల్ల వైరుకు ఏ ఫ్యూజూ లేదు. అది ఎంత కాలినా ఆపేది ఏదీ లేదు.

"కంట్రోల్ బాక్సు దగ్గర ఎప్పుడైనా వైరు కాలిన వాసన వచ్చిందా?" అని సరంగును అడిగాను.

"ఆయ్, ఓ రోజొచ్చిందండీ. ఎక్కినోళ్ళెవరో చుట్ట కాలుస్తున్నారనుకున్నా."

అప్పటికి ఇంజను స్టార్ట్ అవుతోంది కాబట్టి కనెక్టరు విప్పవద్దని యజమాని బతిమాలాడు, మర్నాడు ఉదయానికి బుకింగు ఉంది. నేను తాళం మళ్ళీ మళ్ళీ తిప్పించాను. చాలాసార్లు సరిగ్గానే పడింది. ఒకసారి మాత్రం టిక్కు కూడా లేదు, పూర్తి నిశ్శబ్దం. కట్టను చేత్తో కదిపితే మళ్ళీ పడింది. ఆ నిశ్శబ్దం విన్నాక యజమాని ఇక అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు దోషం సన్న దారిలో ఉంది. ఈ మోటారులో తాళం నుంచి రిలేకు వెళ్ళేది గోధుమ రంగు వైరు. టిక్కు రాని క్షణంలో రిలే దగ్గర ఆ వైరుకు టెస్ట్ లాంపు పెడితే వెలగలేదు. తాళం దగ్గర అదే వైరుకు వెలిగింది. మధ్యలోనే ఎక్కడో తెగుతోంది. కనెక్టరు విప్పాను. నల్ల వైరు పిన్ను చుట్టూ ప్లాస్టిక్కు గోధుమ రంగుకు తిరిగి, కరిగి, పక్క పిన్నులోకి సాగింది. ఆ పక్కది సెల్ఫ్ గోధుమ వైరు పిన్నే. ప్లాస్టిక్కు సాగినప్పుడు పిన్ను వెనక్కి జరిగి, తాకీ తాకనట్టు ఉంది. నల్ల వైరు తొడుగును వంచితే పెళుసుగా విరిగింది.

పిన్నులు రెండు మార్చి కనెక్టరు బిగించేస్తే ఆ సాయంత్రానికే పని అయిపోయేది. కానీ వేడి పిన్ను దగ్గర మాత్రమే పుట్టలేదు, వైరు పొడవునా పుట్టింది. కట్ట మీది గొట్టాన్ని చీల్చి చూశాను. మధ్యలో ఒక జానెడు మేర నల్ల వైరు తొడుగు కరిగి తెల్ల వైరుకు అతుక్కుంది. తెల్లది ఇంజను ఆపే వైరు. తాళం మూసినా, సరంగు నడుముకు కట్టుకున్న సేఫ్టీ తాడు ఊడినా ఆ తెల్ల వైరు నల్ల వైరుకు కలిసి ఇగ్నిషన్ ఆగిపోతుంది. ఇక్కడ ఆ రెండు వైర్ల మధ్య మిగిలింది మెత్తబడ్డ పలచటి పొర. అది కూడా పోతే మనుషులతో నిండిన పడవ ఆటు వేళ నది ముఖద్వారం దగ్గర ఉండగా ఇంజను దానంతటదే ఆగిపోతుంది. అప్పుడు సెల్ఫ్ కొట్టినా తాడు లాగినా అందుకోదు, స్పార్కే ఉండదు కాబట్టి. కట్ట మొత్తం మార్చాలన్నాను. బుకింగు పోయింది. యజమాని బాధపడ్డాడు, కానీ ఆ రెండు వైర్లూ చేతిలో పెట్టి చూపించాక మాట్లాడలేదు.

న్యూట్రల్ స్విచ్చు

కొత్త కట్ట బిగించడానికి కంట్రోల్ బాక్సు విప్పినప్పుడు ముందు మెకానిక్కు చేసిందేమిటో తెలిసింది. న్యూట్రల్ స్విచ్చుకు వెళ్ళే రెండు గోధుమ వైర్లనూ తెంపి, ఒకదానికొకటి మెలిపెట్టి టేపు చుట్టాడు. స్విచ్చు పాడైందో లేదో తెలుసుకోవడానికి ఒక్క నిమిషం అలా కలిపి చూడటం తప్పేమీ కాదు, నేనూ చేస్తాను. సెల్ఫ్ పడకపోతే స్విచ్చుది తప్పు కాదని తేలినట్టే, అప్పుడు వైర్లను తిరిగి యథాస్థానంలో పెట్టేయాలి. ఇక్కడ పెట్టలేదు. అన్ని రోజులూ గేరులో ఉన్నా ఇంజను స్టార్ట్ అయ్యేట్టుగానే పడవ మనుషుల్ని ఎక్కించుకుంది.

"ఆ స్విచ్చు లేకుండా ఇన్నాళ్ళూ నడిచింది కదండీ, ఇప్పుడు దానికి వేరే ఖర్చెందుకు?" అన్నాడు యజమాని.

"ఎక్కేవాళ్ళు నీళ్ళలో తిరిగే ఫ్యాను ఉన్నవైపు నుంచి కూడా ఎక్కుతారు కదండీ మీ రేవులో," అన్నాను. ఎక్కుతారు. నేను చూశాను. పోటు లేనప్పుడు పిల్లల్ని వెనక వైపు నుంచే చేతులందించి ఎత్తుకుంటారు. పాత స్విచ్చును మీటరు పెట్టి చూస్తే లివరు న్యూట్రల్‌లో ఉన్నా మధ్యమధ్య తెగుతోంది, లోపల తుప్పు. కొత్తది వేశాను. దాన్ని కలపకుండా మోటారు ఇవ్వనని చెప్పాను. ఇది బేరానికి లోబడే విషయం కాదు.

అప్పగించే ముందు

సెర్చ్ లైటు, పంపు నెగటివ్‌ను కంట్రోల్ బాక్సు నల్ల వైరు నుంచి విడదీసి నేరుగా బ్యాటరీకే ఇచ్చాను, వాటి పాజిటివ్‌కు విడిగా ఫ్యూజు పెట్టాను. ఇక ఎర్త్ కేబుల్ ఎప్పుడైనా మళ్ళీ పాడైతే సెల్ఫ్ పడదు, అంతే. కరెంటుకు దొడ్డిదారి దొరకదు, కట్ట కాలదు.

తాళం తిప్పి పట్టుకుని కంట్రోల్ బాక్సు నల్ల వైరు నుంచి ఇంజను బాడీకి కొలిస్తే సున్నా. అంటే ఆ వైరులో సెల్ఫ్ కరెంటు పారడం లేదు. లివరు ముందుకు వేసి తాళం తిప్పాం, పడలేదు. వెనక్కి వేసి తిప్పాం, పడలేదు. న్యూట్రల్‌లో పడింది. ఇంజను నడుస్తుండగా సేఫ్టీ తాడు లాగాం, ఆగింది. ఈ పరీక్షలు సరంగు చేతే చేయించాను, రోజూ మొదటి ట్రిప్పుకు ముందు ఆయనే చేయాలి కాబట్టి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు వచ్చిన నాలుగు అంకెలూ, తేదీ, పైమూత లోపలి వైపు పెయింట్ మార్కరుతో రాశాను. ఈ కేసు తర్వాత సెల్ఫ్ ఉన్న ప్రతి మోటారుకూ ఇలాగే రాస్తున్నాను. ఎర్త్ వైపు 0.2 ఉన్నది కాలక్రమాన 0.5 అయితే, ఇంజను ఇంకా బాగానే తిరుగుతున్నా సరే, కేబుల్ లోపల పని మొదలైందని తెలుస్తుంది. ఏడాదికోసారి, వానలు వెళ్ళి సీజను మొదలయ్యే ముందు కొలిస్తే చాలు. వేరే మెకానిక్కు చూసినా పోల్చుకోవడానికి పాత అంకె ఆయన కళ్ళ ముందు ఉంటుంది.

తర్వాతి ఏడాది వరదలు వెళ్ళాక ఆ పడవ దగ్గరికి వెళ్ళి మళ్ళీ కొలిచాను. ఎర్త్ వైపు 0.2 అలాగే ఉంది. పాజిటివ్ వైపు 0.4 కాస్తా 0.5 అయింది. రిలే బోల్టు దగ్గర కొంచెం చిలుము పట్టింది, రుద్ది బిగిస్తే 0.4కు వచ్చింది. మొదట్లో పాడైందని తీసేసిన పాత రిలే యజమాని దగ్గరే ఉంటే దాన్ని కూడా పరీక్షించాను. కాయిలు బాగుంది, పాయింట్ల మీద కరెంటు పారించి చూస్తే వోల్టు నష్టం లేదు. కొసలకు గ్రీజు రాసి, 'పని చేస్తుంది' అని చీటీ అంటించి, పడవలోని స్పేర్ల పెట్టెలో పెట్టించాను.